నిన్న ఏం తిన్నారు?

పాత బీరువా సర్దుతుంటే అడుగున ఒక గుడ్డసంచీ చేతికి తగిలింది. పైకి తీస్తే గలగలమంది. ముడి విప్పకముందే అర్థమైంది, నా మొదటి కొలత గిన్నెల సెట్టు. స్టీలువి. ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోతాయి. ఒక్కోదాని అడుగున ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో చెక్కి ఉంటుంది. సర్వేకి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ నేల మీద వీటిని వరుసగా పేర్చి, ఎదురుగా కూర్చున్నవాళ్లని ఒకటే అడిగేదాన్ని: "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఏమేం తిన్నారు?"

ముప్పై ఏళ్లకు పైగా నా ఉద్యోగం ఆ ప్రశ్నే. మొదటి సగం పోషకాహార సర్వేల్లో గడిచింది, రెండో సగం కలుషితాహారం కేసుల్లో. తెలుగులో ఒక తమాషా ఉంది. ఫుడ్ సెక్యూరిటీ అన్నా ఆహార భద్రతే, ఫుడ్ సేఫ్టీ అన్నా ఆహార భద్రతే. అందరికీ తిండి అందడం ఒకటి, అందిన తిండి ప్రాణం మీదికి తేకుండా ఉండటం ఇంకొకటి. నేను బదిలీ అయి కొత్త సీట్లో కూర్చున్న రోజున మా అమ్మకి ఫోన్ చేసి "ఇప్పుడు ఆహార భద్రతలో వేశారమ్మా" అంటే, "ఇన్నాళ్లూ చేసింది అదేగా?" అంది. ఆవిడ మాట అప్పుడు నవ్వులాటగా తీసుకున్నాను. నిజానికి మారింది సీటే. ఒకచోట తినాల్సింది ఏది తినలేదో కనుక్కోవడానికి అడిగాను, ఇంకోచోట తినకూడనిది ఏది తిన్నారో కనుక్కోవడానికి అడిగాను.

మా వాళ్లు దీన్ని 24 గంటల రీకాల్ అంటారు. వినడానికి చిన్న పిల్లలు కూడా అడగగలిగే ప్రశ్నలా ఉంటుంది. మాకు దాని మీద వారాల తరబడి ట్రైనింగ్ ఇచ్చారు. "పొద్దున ఏం తిన్నారు?" అని అడగకూడదు. అలా అడిగితే పొద్దున ఏదో ఒకటి తినడం మర్యాద కాబోలనుకుని, తిననివాళ్లు కూడా ఏదో ఒకటి కల్పించి చెప్తారు. "లేచాక ముందు నోట్లో ఏం పడింది?" అనాలి. చెప్పింది విన్నాక "ఇంకా?" అనాలి. ఆ "ఇంకా?"లో జాలి ఉండకూడదు, ఆశ్చర్యం ఉండకూడదు, మెచ్చుకోలు అసలే ఉండకూడదు. అద్దం ముందు నిలబడి "ఇంకా?" అని ప్రాక్టీస్ చేసినవాళ్లం మేము. మా రూమ్మేట్లు మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు.

అంత చేసినా జవాబు వంకర పోతుంది. తక్కువ తినేవాళ్లు కాస్త ఎక్కువ కలిపి చెప్తారు, ఎక్కువ తినేవాళ్లు కాస్త తగ్గించి చెప్తారు. లెక్క గీస్తే ఎత్తుపల్లాలు సగం చదునైపోతాయి. దీన్ని ఫ్లాట్ స్లోప్ అని పుస్తకంలో చదివి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అదేమిటో తెలిసింది మాత్రం ఒక ఇంటి వసారాలో.

ఉద్యోగంలో చేరిన రెండో నెల. ఆవిడకి పాతికేళ్లుంటాయేమో. చంటిదాన్ని ఒళ్లో వేసుకుని కూర్చుంది, పక్కన ఐదేళ్ల పిల్లాడు. నేను గిన్నెలు పేర్చి, "మీ భాగానికి రాత్రి అన్నం ఎంత పెట్టుకున్నారు, చూపించండి" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం గిన్నెలన్నిటినీ చూసి, బాగా పెద్దది తీసి నా ముందు పెట్టింది. రాసుకోబోతుంటే పిల్లాడు ముందుకు వంగి, "అది నాన్నది. అమ్మ ఇందులో తింది" అని వరుస చివరున్న చిన్న గిన్నెని వేలితో తోశాడు. అది నేల మీద కొంచెం జారి గోడకి తగిలి ఆగింది. ఎవరూ మాట్లాడలేదు. ఆవిడే నవ్వి, "వాడి మాటలకేం లెండి, మీరు రాసుకోండమ్మా" అంది.

నేనేం రాశానో చెప్పడానికి ఇప్పటికీ మొహమాటంగానే ఉంది. పెద్ద గిన్నె కొలతే రాశాను. జవాబు చెప్పాల్సిన మనిషి ఏది చెప్తే అదే రాయాలని రూలు. కాకపోతే మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒక చిన్న సున్నా చుట్టాను. సాయంత్రం ఫారాలు చెక్ చేసే ఆఫీసరు "ఇదేంటి?" అని అడిగారు. చెప్పాను. ఆయన మంచివారే, తిట్టలేదు. "సున్నాకి కోడ్ లేదు" అని రబ్బరుతో తుడిచేశారు.

మా పాఠాల్లో జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే అమెరికన్ డాక్టరు కథ ఒకటి ఉండేది. 1914లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పెల్లాగ్రా ప్రబలి ఉంటే, అదేమిటో తేల్చమని అక్కడి ప్రభుత్వం ఆయన్ని పంపింది. చర్మం పగిలి, విరేచనాలు పట్టుకుని, చివరికి మతి చెడే జబ్బు. అందరూ అంటువ్యాధి అనుకుంటున్నారు. ఆయన అనాథాశ్రమాలు, మానసిక వైద్యశాలలు తిరిగి, ఒక విషయం గమనించాడు. లోపల ఉన్నవాళ్లకి వస్తోంది, వాళ్లకి సేవ చేసే సిబ్బందికి రావడం లేదు. అంటువ్యాధైతే అలా మనిషిని చూసి ఆగదు కదా. తేడా ఎక్కడుందంటే పళ్లెంలో. సిబ్బందికి పాలు, మాంసం దొరికేవి. లోపలివాళ్లకి ఎక్కువగా మొక్కజొన్నే. ఇంత చెప్పినా నమ్మలేదని రోగుల రక్తం తన ఒంట్లోకి ఎక్కించుకుని మరీ చూపించాడు. అసలు లోపం నియాసిన్ అనే విటమిన్‌ది అని 1937లో తేలింది. అప్పటికి ఆయన పోయి ఎనిమిదేళ్లు. మా క్లాసులో అందరికీ ఆ రక్తం ఎక్కించుకున్న ఘట్టం బాగా నచ్చేది. నాకు మాత్రం ఆయన వంటగది గుమ్మంలో నిలబడి ఎవరి పళ్లెంలోకి ఏం వెళ్తోందో చూడటమే గొప్పగా అనిపించేది. ఆయన ఎవర్నీ అడిగి ఊరుకోలేదు, చూశాడు. పెన్సిల్ సున్నా తుడిచేసిన రాత్రి ఆ మాట చాలాసేపు గుర్తుకొచ్చింది.

సర్వేల్లో తిండి అడగడంతో పాటు పిల్లల్ని తూచేవాళ్లం. కొక్కేనికి తగిలించిన త్రాసు, దానికి వేలాడే నిక్కరు. పిల్లాణ్ణి అందులో కూర్చోబెట్టగానే ఏడుపు. ముల్లు కుదురుగా నిలబడదు. ఏడుపుకీ ఏడుపుకీ మధ్య ఊపిరి తీసుకునే క్షణంలో అంకె చదవాలి. అది నాకు బాగా పట్టుబడింది. జబ్బకి చుట్టే టేపు అంతకంటే సులువు. ఆరు నెలలు దాటి ఐదేళ్లలోపు పిల్లలకి 125 మిల్లీమీటర్ల లోపైతే పసుపు రంగు, 115 లోపైతే ఎరుపు. ఎరుపు వచ్చిందంటే అప్పట్లో ఆ పిల్లని వెంటనే ఆసుపత్రికి రాసి పంపేవాళ్లం. ఆ టేపు చివర దూర్చే చీలిక దగ్గర ఎరుపు కనిపించకూడదని లోపల్లోపల కోరుకుంటూ లాగేదాన్ని.

అయితే త్రాసు కూడా అబద్ధం చెప్తుందని ఒక పిల్లాడు నేర్పాడు. గుండ్రటి బుగ్గలు. బరువు వయసుకి సరిపడానే చూపించింది. వాళ్ల నాయనమ్మ ముచ్చటగా "ఈ మధ్యే ఒళ్లు చేశాడమ్మా" అంది. వాడు మాత్రం ఏడవలేదు. నిక్కరులో కూర్చోబెట్టినా ఏడవని పిల్లాడంటే నాకు గుండెల్లో రాయి పడేది. కిందికి దించి రెండు పాదాల మీదా బొటనవేళ్లతో మూడు సెకన్లు నొక్కి తీశాను. రెండు గుంటలు పడ్డాయి. అలాగే ఉండిపోయాయి. ఒళ్లు కాదు అది, నీరు. క్వాషియోర్కర్. సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ ఇప్పటి ఘనా దేశంలో పనిచేస్తూ 1930లలో ఈ జబ్బుని లోకానికి తెలియజెప్పింది. పేరు అక్కడి గా భాషలోది. తర్వాతి బిడ్డ పుట్టినప్పుడు పెద్దదానికి వచ్చే జబ్బు అని దాని అర్థం. ఏ ల్యాబూ లేకుండా అక్కడి తల్లులు కారణం కూడా కలిపి పేరు పెట్టుకున్నారు.

ఆ పిల్లాణ్ణి చేర్చిన వార్డులో వింతగా ఉండేది. మొదటి వారం బరువు తగ్గుతుంటే నర్సులు సంతోషపడేవాళ్లు, నీరు లాగుతోందని. ఆకలితో చిక్కినవాడికి కడుపునిండా పెట్టేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. అలా ఒక్కసారిగా పెడితే గుండె తట్టుకోలేక ప్రాణం పోవచ్చు. అందుకే ముందు ఎఫ్-75 అనే పలచటి పాలు, వంద మిల్లీలీటర్లకి 75 కేలరీలు, కొంచెం కొంచెంగా, రాత్రి కూడా లేపి మరీ పట్టాలి. ఒళ్లు స్వాధీనంలోకి వచ్చాకే ఎఫ్-100. వాళ్ల నాయనమ్మ నన్ను చూసి "ఆసుపత్రిలో పెట్టుకుని పిల్లాడికి సరిగ్గా పెట్టటం లేదు, చిక్కిపోతున్నాడు" అని కేకలేసింది. పన్నెండో రోజున వాడు నా చేతిలోంచి పెన్ను లాక్కుని ఇవ్వనని ఏడిచాడు. ఆ ఏడుపు విని ఆవిడ చల్లబడింది.

తర్వాత బదిలీ. కొత్త సీటు పక్కనే ల్యాబ్, అందులో ఒక చీకటి గది. వేరుశెనగ నమూనాలు అక్కడికి వచ్చేవి. సారం తీసి గాజు పలక మీద చుక్కలు పెట్టి, అతినీల కిరణాల దీపం కింద చూసేవాళ్లం. అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉంటే చుక్క వెలుగుతుంది. నీలంగా వెలిగితే బి, ఆకుపచ్చగా వెలిగితే జి. ఆ విషం రకాలకి ఆ అక్షరాలు ఇంగ్లీషులో ఆ రంగుల మొదటి అక్షరాల నుంచే వచ్చాయి. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోతే కారణం తెలియక ఎక్స్ జబ్బు అన్నారు. చివరికి దాణాలో కలిపిన బూజు పట్టిన వేరుశెనగ చెక్క దగ్గర తేలింది. ఇది కాలేయ క్యాన్సర్ తెచ్చే విషం. వండితే పోదు. గింజని చూసి చెప్పడం కూడా కష్టం. మొదటిసారి ఆ చీకట్లో నీలం చుక్క మెరిసినప్పుడు నోట్లోంచి "అబ్బ, ఎంత బాగుందో" అని వచ్చేసింది. పక్కనున్న సీనియరు ఏమీ అనకుండా లైటు వేశారు.

ఆ గదిలోనే నాకు రెండు సీట్లు ఒకటేనని తెలిసొచ్చింది. ఎరుపు టేపు పిల్లల్లో వేరే చిక్కులేమీ లేనివాళ్లకి ఇళ్ల దగ్గరే పెట్టే పోషకాహారం పేస్టు ఉంటుంది, అది వేరుశెనగతో చేసిందే. అదే గింజ ఒక పిల్లని నిలబెడుతుంది, బూజు పడితే అదే గింజ విషం. పైగా ఆ విషం లాటులో అంతటా సమంగా పరుచుకుని ఉండదు. వేల గింజల్లో ఎక్కడో ఒకటి రెండింటిలో గుట్టగా ఉంటుంది. మన గుప్పిట్లోకి ఆ గింజ రాకపోతే లాటు మొత్తం పాసే. నమూనా తీయడంలో చేసే తప్పు ముందు ల్యాబ్‌లో చేసే తప్పు చాలా చిన్నది. ఈ ముక్క పైవాళ్లకి చెప్తే "రిపోర్టులో పాయింట్ తర్వాత ఇంకో అంకె వేయండి" అనేవాళ్లు.

కలుషితాహారం కేసుల్లో నాకు మనసులో నిలిచిపోయింది ఒక హాస్టల్. రాత్రి భోజనమైన మూడు గంటలకల్లా పిల్లలు వరసగా వాంతులు. మేం వెళ్లేసరికి తెల్లవారింది. అందరి నోటా మాంసం కూర మాటే. ఎవరికైనా ముందు అనుమానం వచ్చేది దాని మీదే. నేను పడుకున్న పిల్లల్ని అడిగి ఊరుకోకుండా బాగున్నవాళ్లని కూడా కూర్చోబెట్టి అడుగుతుంటే వార్డెన్‌కి చిరాకేసింది. "జబ్బు పడినవాళ్లు ఆసుపత్రిలో ఉన్నారు మేడమ్, వీళ్లతో మీకేం పని?" అన్నారు. సగం పని వీళ్లతోనే. జబ్బుపడినవాళ్లంతా కూర తిన్నారంటే సరిపోదు. బాగున్నవాళ్లు కూడా అదే తిన్నారేమో చూడాలి కదా.

రెండు సంగతులు బయటపడ్డాయి. మాంసం ముట్టని పిల్లలు కూడా కొందరు వాంతులు చేసుకున్నారు. ఆట నుంచి ఆలస్యంగా వచ్చిన గుంపు మాంసం సుబ్బరంగా తిని నిక్షేపంలా ఉన్నారు. వాళ్లు వచ్చేసరికి వేపుడు అన్నం అయిపోయింది, రొట్టెలు తిన్నారు. ఇక కాగితం చూడక్కర్లేదు.

వంటమాస్టర్ని అడిగాను, అన్నం ఎప్పుడు వార్చారని. "సాయంత్రం ఆరింటికమ్మా" అన్నాడు, నా మొహం వైపు చూడకుండా. గిన్నెలు తోముతున్న కుర్రాడు తలెత్తి "పన్నెండింటికే కదా బాబాయ్" అన్నాడు. ఈ ఉద్యోగంలో నిజం ఎప్పుడూ పక్కనున్న చిన్నవాళ్ల దగ్గరే దొరికింది నాకు. పేదరికంలో సిగ్గు అబద్ధమాడిస్తుంది, ఇక్కడ భయం. మాస్టర్ చేతులు తుడుచుకుంటూ "రాత్రి మళ్లీ పెనం మీద పొగలు వచ్చేదాకా వేయించానమ్మా, ఏ పురుగైనా బతుకుతుందా?" అన్నాడు. పురుగు బతకదు. కానీ బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విత్తుల్లాంటి బీజాలు అన్నం ఉడికినా చావవు. గోరువెచ్చగా గంటలు గడిస్తే మొలిచి విషం కక్కుతాయి. ఆ విషం 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా చెడదు. పెనం దానికో లెక్క కాదు.

మర్నాడు అతని చేతే అంతే అన్నం వండించి, అదే డేగిసాలో వదిలేసి, నాలుగు గంటల తర్వాత థర్మామీటర్ గుచ్చాను. అంచు దగ్గర 38. నడిమధ్య 52. వేడి వంటకం 60 దాటి ఉండాలి, చల్లదైతే 5 లోపు. ఆ మధ్యలోదంతా సూక్ష్మక్రిములకి పండగ. మాస్టర్ అంకె చూసి, డేగిసా పక్కన చెయ్యి పెట్టి చూసి, "చల్లారిపోయిందనుకున్నానే" అన్నాడు. పాపం, ఇరవై ఏళ్లుగా వండుతున్న మనిషి. లోతు లేని పళ్లేలు ఇప్పించండి, పలచగా పరిస్తే తొందరగా చల్లారుతుంది, ఒక పెద్ద ఫ్రిజ్ కొనండి అని రిపోర్టులో రాశాను. వాళ్లు పళ్లేలు కొనలేదు. మాస్టర్ని తీసేశారు. నా రిపోర్టు చూపించి తీసేశారని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి ఏ రిపోర్టులోనూ వండిన మనిషి గురించి విడిగా వాక్యం రాయలేదు. గిన్నె లోతు, గంటలు, డిగ్రీలు, అంతే.

2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటిసారి లెక్కగట్టి, ఏటా దాదాపు 60 కోట్ల మంది కలుషితాహారంతో జబ్బు పడుతున్నారని, 4,20,000 మంది చనిపోతున్నారని, అందులో 1,25,000 మంది ఐదేళ్లలోపు పిల్లలని చెప్పింది. ఆ అంకెలు చదివినప్పుడు నాకు ముందు మార్జిన్లే గుర్తొచ్చాయి.

నాకు బాగా కోపం వచ్చింది 2008లో. చైనాలో పసిపిల్లల పాలపొడిలో మెలమిన్ అనే రసాయనం కలిపారు. దాదాపు మూడు లక్షల మంది పసివాళ్లు జబ్బు పడ్డారు, ఆరుగురు పోయారు. ఎందుకు కలిపారంటే, ప్రొటీన్ ఎంతుందో మేం నేరుగా కొలవం. నైట్రోజన్ కొలిచి ఒక గుణకంతో హెచ్చవేస్తాం. 1883లో కెల్డాల్ చెప్పిన పద్ధతి. ప్రొటీన్‌లో నైట్రోజన్ పదహారు శాతం ఉంటే మెలమిన్‌లో అరవయ్యారు శాతం. నీళ్లు కలిపిన పాలకి చిటికెడు వేస్తే మా పరీక్షలో చక్కటి ప్రొటీన్ కనిపిస్తుంది. యాసిడ్ పొగలకి దగ్గుతూ కొన్ని వేలసార్లు చేసిన పరీక్ష అది. దాని గుట్టు అంత బాగా తెలిసినవాడు మాలాంటివాళ్లలో ఒకడే అయ్యుంటాడని అనిపించింది. రెండ్రోజులు ల్యాబ్‌లో ఎవరం సరిగ్గా మాట్లాడుకోలేదు.

సరే, గిన్నెల దగ్గరికి వస్తాను. ఇప్పుడు సంచీలోంచి తీసి బల్ల మీద పేరిస్తే వరుస చివర ఖాళీ. చిన్న గిన్నె లేదు.

ఎక్కడ పోయిందో నాకు తెలుసు. ఆ సర్వే రెండో విడతకి ఆరు నెలల తర్వాత అదే ఇంటికి వెళ్లాం. ఈసారి ఆవిడ పెద్ద గిన్నె జోలికి పోలేదు, మధ్యలోది ఏదో చూపించింది. పిల్లాడు బడికి వెళ్లాడు. అన్నీ రాసుకుని, గిన్నెలు సర్దుకుని బయల్దేరాం. జీపు ఎక్కాక సంచీ తడిమితే ఒకటి తక్కువగా అనిపించి వెనక్కి వెళ్లాను. గుమ్మంలోంచే కనిపించింది. చంటిది గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆవిడ చిన్న గిన్నెలో మెత్తగా కలిపిన ముద్ద పెట్టుకుని, వేలితో అంచు దాకా సమం చేసి, పాపకి తినిపిస్తోంది. అది అయ్యాక మళ్లీ నింపింది. మళ్లీ సమం చేసింది, అచ్చం నేను చేసినట్టే. నన్ను చూడలేదు. నేను జీపు దగ్గరికి తిరిగి వచ్చేశాను.

స్టోర్స్‌లో "పోయింది" అని రాసిచ్చాను. జీతంలో కోశారు. ఒకటి తగ్గిన సెట్టు సర్వేకి పనికిరాదు కాబట్టి రిజిస్టర్‌లో కొట్టేసి, మిగతావి మీరే ఉంచుకోండి అన్నారు. ఆ రసీదు కూడా సంచీలోనే ఉంది, నాలుగు మడతలు పెట్టి.